పి.ఎఫ్. దండుగ

మా ఇంటికి వచ్చే కన్నడ కాగితాలన్నీ మొదట మా పిల్లల చేతికే వచ్చేవి. పంచాయితీ రసీదు, సొసైటీ నోటీసు, బ్యాంకు ఉత్తరం, కరెంటు బిల్లు, ఏదైనా సరే. మాది గంగావతి తాలూకాలో ఒక క్యాంపు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక, కాలువ కింద భూములు చవగ్గా దొరుకుతాయని కృష్ణా జిల్లా నుంచి తాతయ్య వాళ్ళు వచ్చి స్థిరపడ్డారు. తాతయ్యకి సంతలో బేరమాడేంత కన్నడం వచ్చుగానీ అక్షరాలు రావు. "తలకట్టు తేడా అంతే, మిగతాదంతా మన లిపే" అని బిల్లు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివినట్టు నటించేవాడు. నాన్న సొంతూళ్ళో మేనత్త ఇంట్లో ఉండి తెలుగులో ఏడో క్లాసు దాకా చదివాడు. బాబాయి చదువు అయిదుతోనే ఆగింది. మేం మాత్రం ఒకటో తరగతి నుంచీ కన్నడ మీడియమే. మా తెలుగు ఇంట్లో విని, సినిమా పోస్టర్ల మీద చదివి నేర్చుకున్నది. ఇందులో ఎక్కడైనా ఒత్తు తప్పితే మన్నించండి.

ఇప్పుడు చెప్పబోయేది మేం చదివి చెప్పిన ఒక కన్నడ మాట గురించి. ఆ మాట వల్ల మా బాబాయి పదకొండేళ్ళు మా ఇంటి గడప తొక్కలేదు.

క్యాంపు చివర మాకొక చిన్న మిల్లు ఉండేది. ఇప్పుడూ ఉంది. వడ్లు మర పట్టే హల్లరు, దాని పక్కన పిండి మర. ఇరవై హెచ్.పి. మోటారు ఒకటి, చిన్నది ఇంకొకటి. పొలం నాన్న చూసుకునేవాడు, మిల్లు బాబాయిది. డబ్బు పెట్టె మాత్రం తాతయ్య దగ్గర ఉండేది. నలుగురు హమాలీలు, ఒక ఆపరేటరు.

2004లో మిల్లుకి కొత్త మీటరు వచ్చింది. అంతకుముందున్నది చక్రం మీటరు. అద్దం వెనక అల్యూమినియం బిళ్ళ, దాని అంచు మీద ఎర్ర గుర్తు. మోటారు వేస్తే గుర్తు గిర్రున తిరిగేది. మేం స్కూలు నుంచి వచ్చి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టేవాళ్ళం. కొత్త మీటరుకి చక్రం లేదు. ఎర్రదీపం టిక్ టిక్ మని ఆరి వెలుగుతుంది, అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. అది వచ్చిన నెల నుంచే బిల్లులో కొత్త వరస ఒకటి మొదలైంది: "పి.ఎఫ్. దండ".

మిగతావన్నీ చెప్పడం తేలికే. బడ్డి అంటే వడ్డీ, బాకి అంటే బాకీ, శుల్క అంటే రుసుము. దండ అంటే జరిమానా. అదీ తెలుసు, స్కూలుకి ఆలస్యమైతే మేమే కట్టేవాళ్ళం. మరి పి.ఎఫ్.? అప్పుడు మేం తొమ్మిదో తరగతి. మా మేష్టర్లు స్టాఫ్ రూంలో ఎప్పుడూ పి.ఎఫ్. కోత, పి.ఎఫ్. లోను అనుకుంటూ ఉండేవాళ్ళు. అందుకని ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పేశాం.

"ప్రావిడెంట్ ఫండ్ తాతయ్యా. పనివాళ్ళకి కట్టాల్సింది కట్టలేదని జరిమానా వేశారు."

కరెంటు బిల్లులో ప్రావిడెంట్ ఫండ్ జరిమానా ఎందుకుంటుందని ఇంట్లో ఎవరూ అడగలేదు. తాతయ్య దృష్టిలో గవర్నమెంటంతా ఒకటే, ఎక్కడ దొరికితే అక్కడ వసూలు చేస్తుంది. ఆయన అడిగింది వేరే. బాబాయిని పిలిచి, "నలుగురు హమాలీలకి పి.ఎఫ్. కడతానని ఎక్కడ రాసిచ్చొచ్చావురా?" అన్నాడు.

బాబాయి రాసివ్వలేదు. కానీ రాసివ్వలేదని గట్టిగా అనలేకపోయాడు. మిల్లు లైసెన్సు కోసం ఏవేవో ఆఫీసులు తిరిగినప్పుడు కన్నడ కాగితాల మీద చెప్పిన చోటల్లా సంతకాలు పెట్టొచ్చాడు. "ఏమో నాన్నా, వాళ్ళు చూపించిన చోట పెట్టాను" అన్నాడు. ఆ 'ఏమో' దగ్గరే మొదలైంది గొడవ. ప్రతి నెలా బిల్లు వచ్చేది, ఆ వరస ఉండేది, మేం చదివేవాళ్ళం, తాతయ్య బాబాయి వంక చూసేవాడు. నాన్న ఖాతా పుస్తకంలో తెలుగులో రాసుకునేవాడు: పి.ఎఫ్. దండుగ, ఇంత. రెండేళ్ళకి పెట్టెతో పాటు మిల్లు తాళాలు కూడా తాతయ్య తీసుకున్నాడు. 2006లో బాబాయి, పిన్ని సింధనూరు వెళ్ళిపోయారు. అక్కడ వేరేవాళ్ళ రైస్ మిల్లులో బాబాయి ఆపరేటరుగా చేరాడు. తాతయ్య 2012లో పోయినప్పుడు శ్మశానానికి వచ్చాడు, ఇంట్లోకి రాలేదు.

2017. బెంగుళూరులో మేం సాఫ్ట్‌వేర్ టెస్టర్లం. ఆ ఏడాది మా జట్టుకి ఒక కరెంటు బిల్లుల ప్రోగ్రాం పరీక్షించే పని వచ్చింది. మీటరు రీడింగులు ఇస్తే అది బిల్లు తయారు చెయ్యాలి, ఆ బిల్లు సరైనదో కాదో మేం చెప్పాలి. టెస్టర్ల పని తెలిసిందేగా, మామూలు నెలలు చూసి వదిలెయ్యం, వింత నెలలు వెతుకుతాం. మీటరు తిరగని నెల, మీటరు మార్చిన నెల, ఫ్యాక్టరీ మూసేసిన నెల. అలా మూసేసిన నెల రీడింగులు ఇచ్చి చూస్తే తెర మీద "పి.ఎఫ్. 0.00" అని వచ్చింది. దాని కిందే "పి.ఎఫ్. పెనాల్టీ" అని ఇంకో వరస. సున్నాని సున్నాతో భాగించి, ఏం చెయ్యాలో తెలియక ప్రోగ్రాం సున్నా అచ్చేసింది. యూనిట్లే లేవు కాబట్టి జరిమానా కూడా సున్నానే, నష్టం లేదు. అయినా బిల్లు మీద ఆ అంకె చూసినవాడు హడలిపోతాడని బగ్ రాద్దామని కూర్చున్నాం. రాస్తూ రాస్తూ చెయ్యి ఆగిపోయింది. పి.ఎఫ్. అంటే ఇక్కడ ప్రావిడెంట్ ఫండ్ కాదు, పవర్ ఫ్యాక్టర్.

ఆ వారమంతా అదే చదివాం. అర్థమైనంతవరకు మన ఇళ్ళలో వాళ్ళకి తెలిసేలా చెబుతాం.

పెళ్ళి వంటకి ఊళ్ళో గుండిగలు అరువు తెచ్చుకుంటాం కదా. ఒకే బండి మీద బియ్యం బస్తాలు, గుండిగలు రెండూ వస్తాయి. బియ్యం వండుకుని తినేస్తాం. గుండిగలు మాత్రం కడిగి తిరిగి ఇచ్చేస్తాం. అందులో ఒక్కటి కూడా అరగదు, తరగదు. కానీ అవి లేకపోతే వంట కాదు, పైగా బండిలో చోటు వాటికీ కావాలి. మోటారు సంగతీ అంతే. హల్లరుని తిప్పి వడ్లు దంచేది నిజమైన పవరు, దాన్ని కిలోవాట్లలో కొలుస్తారు. మన యూనిట్ అంటే ఒక కిలోవాట్ గంట. అయితే మోటారు తిరగాలంటే లోపల అయస్కాంత క్షేత్రం పుట్టాలి. దానికి కావలసిన శక్తి లైను నుంచి వస్తుంది, మళ్ళీ లైనులోకే పోతుంది. మన కరెంటు సెకనుకి 50 ఆవృత్తులు కాబట్టి ఈ రావడం పోవడం సెకనుకి వంద సార్లు జరుగుతుంది. ఇది రియాక్టివ్ పవరు, దీని కొలత కేవీఏఆర్. ఇది మన దగ్గర ఖర్చవదు. కానీ దీన్ని మోసే కరెంటు తీగల్లో, ట్రాన్స్‌ఫార్మరులో పారుతూనే ఉంటుంది, వాటిని వేడెక్కిస్తుంది. రెండూ కలిపి బండి మోసే మొత్తం బరువు కేవీఏ.

కలపడమంటే మామూలు కూడిక కాదు. లంబకోణ త్రిభుజం లెక్క. నిజమైనది 4, రియాక్టివ్ 3 అయితే మొత్తం 7 కాదు, 5. నిజమైనదాన్ని మొత్తంతో భాగిస్తే వచ్చేదే పవర్ ఫ్యాక్టర్. ఇక్కడ 4 బై 5, అంటే 0.80. గుండిగల్లేని బండి అయితే 1. నెల బిల్లుకి కూడా ఇదే పద్ధతి: ఆ నెల కేడబ్ల్యూహెచ్‌ని కేవీఏహెచ్‌తో భాగిస్తే సగటు పవర్ ఫ్యాక్టర్ వస్తుంది. కర్ణాటకలో మాలాంటి చిన్న పరిశ్రమల కనెక్షనుకి అది 0.85కి తగ్గకూడదు, హెచ్.టి. కనెక్షనుకి 0.90కి తగ్గకూడదు. తగ్గితే ప్రతి 0.01కి యూనిట్ మీద ఇన్ని పైసలని అదనంగా వేస్తారు.

కంపెనీ వాళ్ళు వేసేది ఊరికే కాదు. పవర్ ఫ్యాక్టర్ 0.70 ఉంటే అదే పనికి తీగలో దాదాపు 1.43 రెట్లు కరెంటు పారాలి. తీగలో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది రెట్టింపు అవుతుంది. ఆ నష్టం మన మీటరుకి అవతల జరుగుతుంది. అందుకే ఆ వరస బిల్లులోకి వచ్చింది.

మరి 2004కి ముందు మా బిల్లులో ఆ వరస ఎందుకు లేదు? చక్రం మీటరులో ఒక చుట్ట వోల్టేజీకి, ఇంకో చుట్ట కరెంటుకి ఉంటాయి. ఆ రెంటి కలయికలో నిజమైన పవరు మాత్రమే బిళ్ళని తిప్పుతుంది. వచ్చి తిరిగి పోయేది దాన్ని తిప్పదు. బియ్యం లెక్కపెట్టి గుండిగల్ని వదిలేసే గుమాస్తా అన్నమాట. ఎలక్ట్రానిక్ మీటరు వోల్టేజీని, కరెంటుని సెకనుకి ఎన్నోసార్లు నమూనా తీసి గుణిస్తుంది, బియ్యాన్నీ గుండిగల్నీ వేరువేరుగా రాస్తుంది. మా మిల్లు 2004లో కొత్తగా చెడిపోలేదు. అప్పటిదాకా కనపడనిది కనపడింది, అంతే.

ఇంటి మీటర్ల సంగతి వేరు. మన ఇళ్ళలో బిల్లు కిలోవాట్ గంటలకే వేస్తారు. అందుకే "ఈ పరికరం పెట్టుకోండి, ఇంటి బిల్లు సగమవుతుంది" అని పవర్ ఫ్యాక్టర్ పేరు చెప్పి అమ్మేవాళ్ళు వస్తే తలుపు వేసెయ్యండి.

ఆ సంక్రాంతికి ఊరెళ్ళి కమ్మీకి గుచ్చిన పాత బిల్లులు దింపాం. మిషన్లోంచి వచ్చే ఆ నున్నటి కాగితాల మీద అచ్చు వెలిసిపోయి తెల్లగా ఉన్నాయి. నాన్న ఖాతా పుస్తకం మాత్రం భద్రంగా ఉంది. దాన్ని ముందేసుకుని నెల నెలా చూశాం. కోతలు ముగిసి మిల్లు జోరుగా నడిచిన నెలల్లో దండుగ ఎక్కువ. యూనిట్లు సగమైన నెలల్లో దండుగ కూడా ఇంచుమించు సగమే. కాలువకి నీళ్ళు కట్టేసి మిల్లు మూతపడ్డ నెలల్లో అసలు లేదు. పనివాళ్ళ పద్దు కింద వేసే జరిమానా యూనిట్లతో పాటు పెరిగి తరుగుతుందా? సాక్ష్యం అంతా నాన్న రాతలోనే, అదీ తెలుగులోనే ఉంది. మేం అప్పుడు ఆ మాట చదివాం గానీ ఆ అంకెలు చదవలేదు.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మిల్లుకి తీసుకెళ్ళి మోటారు వెనక గోడ చూపించాడు. నాలుగు బోల్టుల గుర్తులు, వాటి మధ్య సున్నం వెయ్యని చదరం. "ఇక్కడొక బూడిద రంగు డబ్బా ఉండేది. మీ బాబాయి పెట్టించాడు" అన్నాడు.

అది కెపాసిటర్. మోటారుకి కావలసిన ఆ వచ్చీ పోయే శక్తిని లైను దాకా పోనివ్వకుండా అక్కడికక్కడే ఇచ్చి పుచ్చుకుంటుంది. సొంత గుండిగలు ఇంట్లో పెట్టుకున్నట్టు. మోటారు 15 కిలోవాట్లు లాగుతూ పవర్ ఫ్యాక్టర్ 0.70 ఉంటే, 10 కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే 0.94 దాకా వస్తుంది. మా హల్లరు లాంటి చోట్ల ఇది ఇంకా అవసరం. ఇండక్షన్ మోటారు వడ్లు పోసినా పొయ్యకపోయినా అయస్కాంతానికి తీసుకునేది దాదాపు ఒకటే. రైతులు బేరమాడుతుంటే మోటారు ఊరికే తిరిగిన ప్రతి నిమిషం బండిలో బియ్యం లేదు, గుండిగలే.

ఆ డబ్బాని పీకించింది తాతయ్య. కొత్త మీటరు రావడానికి ఏడాది ముందు, మెయిన్ ఆపేసి బూజులు దులుపుతుంటే ఒక హమాలీకి దాని దగ్గర షాక్ కొట్టింది. మెయిన్ ఆపినా కెపాసిటర్‌లో కొంతసేపు ఛార్జి నిలబడి ఉంటుంది. దాన్ని దించెయ్యడానికి రెసిస్టరు పెట్టాలి, మాదానికి అది ఉందో పోయిందో చూసినవాళ్ళు లేరు. మెయిన్ ఆపినా కొట్టిందంటే అది దయ్యం డబ్బా అన్నాడు తాతయ్య. "పీకొద్దు నాన్నా, మోటారుతో పాటు అదీ ఉండాలన్నారు" అన్నాడట బాబాయి. ఎందుకుండాలో చెప్పలేకపోయాడు. డబ్బా పాత ఇనుముకి పోయింది.

తాతయ్యని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఒక మనిషికి షాక్ కొడితే ఎవరైనా అదే చేస్తారు. తప్పు చదివింది మేం. తెలియని మాటకి తెలియదని చెప్పాల్సింది. క్యాంపులో కన్నడం వచ్చినవాళ్ళంటే ఉండే గౌరవం మా చేత ఆ మాట అననివ్వలేదు. పద్నాలుగేళ్ళ పిల్లల మాట మీద నలభై ఏళ్ళ మనిషి దొంగలా నిలబడ్డాడు.

కనుమ నాడు నాన్న, మేం ఖాతా పుస్తకం సంచిలో పెట్టుకుని సింధనూరు వెళ్ళాం. పిన్ని మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. గుండిగల లెక్క చెప్పాం, అంకెలు చూపించాం. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని దండుగ వరస మీద వేలు పెట్టి చివరిదాకా చూశాడు. మేం బెంగుళూరు నుంచి దారి పొడుగునా సిద్ధం చేసుకున్న క్షమాపణ సగంలో ఉండగానే, "అయితే నేను సంతకం పెట్టలేదన్నమాట" అన్నాడు.

పదకొండేళ్ళూ ఆయనకీ ఆ అనుమానం ఉంది. ఎక్కడో తెలియక పెట్టేశానేమో, నాన్న మాటే నిజమేమో అని. మేం అది ఊహించలేదు. ఆయన మా మీద కోపంతో రాలేదనుకున్నాం. తన మీద తనకే నమ్మకం లేక రాలేదు.

"లేదురా" అన్నాడు నాన్న. "ఎక్కడా పెట్టలేదు."

బాబాయి పుస్తకం మూసి, "మోటారు రీవైండింగ్ చేయించారా?" అని అడిగాడు. పిన్ని లోపల పొయ్యి వెలిగించిన చప్పుడు వినపడింది.

ఇప్పుడు మిల్లు మళ్ళీ బాబాయి చూస్తున్నాడు. గోడ మీద ఆ బోల్టుల గుర్తుల చోటే కొత్త కెపాసిటర్లు బిగించాం, ఈసారి ఛార్జి దించే రెసిస్టర్లున్నాయో లేదో చూసి మరీ. కథ అక్కడితో అయిపోయిందనుకుంటే 2022లో మిల్లు కప్పు మీద సోలారు పెట్టించాక రెండో నెలకే ఆయన ఫోను: "మళ్ళీ వచ్చిందర్రా, పి.ఎఫ్. దండ."

ఇది చాలామందికి ఎదురయ్యేదే కాబట్టి లెక్కతో సహా చెబుతాం, అంకెలు గుండ్రంగా. సోలారుకి ముందు నెలకి 3000 కేడబ్ల్యూహెచ్, 1450 కేవీఏఆర్‌హెచ్ అనుకోండి. మొత్తం 3332 కేవీఏహెచ్, పవర్ ఫ్యాక్టర్ 0.90. సోలారు వచ్చాక సగం యూనిట్లు కప్పు మీద నుంచే వచ్చాయి. లైను నుంచి తీసుకున్నది 1500. కానీ సోలారు ఇన్వర్టరు మామూలుగా నిజమైన పవరే ఇస్తుంది, మోటారు అయస్కాంతానికి కావలసింది లైను నుంచే రావాలి. ఆ 1450 అలాగే ఉంది. ఇప్పుడు మొత్తం 2086, పవర్ ఫ్యాక్టర్ 0.72. బియ్యం ఇంట్లోనే పండించుకున్నాం, గుండిగలు మాత్రం ఇంకా ఊళ్ళోంచే. మోటారు చెడలేదు, మీటరు మోసం చెయ్యలేదు. ఇంకొంచెం కెపాసిటర్ పెట్టాలి, లేదా రియాక్టివ్ కూడా ఇవ్వగల ఇన్వర్టరైతే ఆ అమరిక మార్పించాలి. మోటారు ఆగాక కెపాసిటర్ లైను మీద ఉండిపోకూడదు. అప్పుడది ఎదురు తిరిగి లైనుకే ఇస్తుంది, దాన్ని కూడా లెక్కకట్టే మీటర్లున్నాయి.

షోలాపూర్, భివండీల్లో మగ్గాలు నడిపే మనవాళ్ళు, కోయంబత్తూరు వైపు మోటార్లు, పంపుల పనిలో ఉన్నవాళ్ళు కూడా ఇది చదువుతారని తెలుసు. ఆ ఊళ్ళోనే 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి చేసిన ఇండక్షన్ మోటారు మన దేశంలో తొలిదని చెబుతారు. మహారాష్ట్రలో 2020 ఏప్రిల్ నుంచి హెచ్.టి. వాళ్ళకి కేవీఏహెచ్ మీదే బిల్లు. ఆంధ్ర, తెలంగాణల్లోనూ పరిశ్రమలకి ఆ పద్ధతే నడుస్తోంది. అలాంటి చోట పి.ఎఫ్. దండ అనే వరస విడిగా కనపడదు. గుండిగల బరువు యూనిట్లలోనే కలిసిపోయి వస్తుంది. వరస లేదని జరిమానా లేదనుకోవద్దు.

మీ ఇంట్లోనూ మీకు రాని లిపిలో బిల్లులు వస్తూ ఉంటాయి. అరవం, మరాఠీ, ఒడియా, ఏదో ఒకటి. వాటిని చదివి చెప్పే పిల్లలుంటారు. వాళ్ళని చదవనివ్వండి. తెలియని మాట వస్తే తెలియదనవచ్చని కూడా చెప్పండి. బాబాయి ఇప్పుడు ప్రతి నెలా బిల్లు ఫొటో తీసి మాకు వాట్సాప్‌లో పంపుతాడు. మేం లెక్క చూసి పంపుతాం. నాన్న ఖాతా పుస్తకంలో ఆ పాత పేజీల్లో దండుగ అన్న మాట కొట్టెయ్యలేదు. పోయిన డబ్బు ఎంత అని కూడి చూస్తే పెద్ద మొత్తమేం కాదు, ఒక కెపాసిటర్ ఖరీదుకి అటూ ఇటూ.